కార్యక్రమాలు సాయంత్రం పెట్టకండి సార్: ప్రభుత్వ డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రభుత్వ డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు, నాంపల్లి విద్యాభవన్‌లోని కళాశాల విద్యాశాఖ అధికారులకు నమస్కారాలు.

ఖమ్మం జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న టౌన్‌లో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఎదురుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. నేనూ అందులోనే బీకాం చదివాను. ఎండాకాలంలో డిగ్రీ అడ్మిషన్లకు దోస్త్ వెబ్ ఆప్షన్లు, తర్వాత ఈపాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులు, సెమిస్టర్ ముందు హాల్ టికెట్లు, చివర్లో మెమోల ల్యామినేషన్. కాలేజీలో చేరిన పిల్లవాడు డిగ్రీ పట్టుకుని వెళ్లేలోపు నా షాపు మెట్లు ఎన్నిసార్లు ఎక్కుతాడో లెక్కే లేదు. మీకు అటెండెన్స్ రిజిస్టర్‌లో నంబరుగా తెలిసిన పిల్లలు నాకు ఆధార్, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్కుతో సహా తెలుసు. వాళ్లమ్మ పేరేంటో, ఊరు ఏ మండలమో, ఇంట్లో ఎవరి సంపాదన మీద నడుస్తోందో కూడా తెలుసు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఆటలు, పాటలు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), క్లబ్బులు, డిబేట్లు, గోడపత్రిక, ఏదైనా సరే, పాఠాలు కాకుండా కాలేజీలో ఏం జరిగినా అది టైంటేబుల్ లోపలే జరగాలి. వారంలో ఒక రోజు, బుధవారం అనుకుందాం, రెండు పీరియడ్లు, భోజనానికి ముందో వెనకో. క్లాసులన్నీ అయిపోయాక వద్దు. సెలవు రోజు అసలే వద్దు.

ఎందుకంటే మా కాలేజీకి వచ్చే పిల్లల్లో టౌన్‌లో ఉండేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడపిల్లలకు జీరో టికెట్ కొడుతున్నారు. బస్సు ఖర్చు భరించలేక మానేద్దామనుకున్న కొందరు పిల్లలు దానివల్ల ఆగారు, నా కళ్లముందే. మంచిదే. కానీ ఉచితమైంది టికెట్టే, బస్సు టైము మాత్రం అలాగే ఉంది. మా దగ్గర లోపలి ఊళ్లకు పోయే బండి నాలుగున్నరకు కదులుతుంది. అది తప్పితే చీకటి పడ్డాకే. ఆ బస్సు దిగి, మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి నడిచి పోవాలి. లైట్లు ఉండవు. ఏ తల్లి ఒప్పుకుంటుంది? 'మధ్యాహ్నం 3:30కి వ్యాసరచన పోటీ, ఆసక్తి గలవారు పాల్గొనగలరు' అని మీరు నోటీసు బోర్డు మీద అంటించినప్పుడు, ఆసక్తి ఉందా లేదా అన్న దాకా విషయం పోదు. నాలుగింటికల్లా ఆ పిల్ల స్టాండులో సీటు కోసం కిటికీలోంచి సంచి వేస్తూ ఉంటుంది.

మగపిల్లల సంగతి ఇంకో రకం. లగ్గాల సీజన్ వచ్చిందంటే సగం మంది క్యాటరింగ్‌కు పోతారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు బ్యాగులో పెట్టుకుని కాలేజీకి వచ్చి, అటు నుంచి అటే ఫంక్షన్ హాలుకు. రాత్రి వడ్డన అయ్యాక కూలి చేతికిస్తారు, దాంతోనే పరీక్ష ఫీజు. కొందరు సెల్ షాపుల్లో, కొందరు పెట్రోల్ బంకుల్లో. సంక్రాంతి దాటాక మిర్చి కోతలు. మా జిల్లాలో మిర్చి అంటే ఇంటిల్లిపాదీ చేలోనే ఉండాల్సిన పని. బయటి కూలీలు దొరక్క, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లనే నెల రోజులు చేలో నిలబెట్టే ఇళ్లు ఎన్నో. సరిగ్గా ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే మీ గేమ్స్ మీట్లు, కాలేజీ డే, పోటీలు వరసపెట్టి వస్తాయి. ఏడాది చివర్లో బడ్జెట్ ఖర్చు పెట్టాలి కాబట్టి అలా వస్తాయని ఒక లెక్చరర్ గారే నవ్వుతూ చెప్పారు. కావచ్చు. కానీ ఎవరి కోసం ఆ ఖర్చు పెడుతున్నామో వాళ్లు అప్పుడు కల్లంలో ఉన్నారు.

ఇంతకీ మీ దగ్గర కార్యక్రమాలు లేవా అంటే, కాగితం మీద బోలెడు. ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. గాంధీగారి శత జయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం అది. వాలంటీర్ రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉండాలి. కొన్ని కాలేజీల్లో ఎన్‌సీసీ ఉంది, సి సర్టిఫికెట్ ఉంటే పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు ఎంత పనికొస్తుందో పిల్లలకు బాగా తెలుసు. రెడ్ రిబ్బన్ క్లబ్ ఉంది, ఎకో క్లబ్ ఉంది, మహిళా సాధికారత విభాగం ఉంది, నైపుణ్యాలు నేర్పే టీఎస్‌కేసీ ఉంది. కాలేజీల మధ్య జరిగే యువతరంగం పోటీలున్నాయి. స్టడీ ప్రాజెక్టులకు జిజ్ఞాస ఉంది. ఈ పేర్లన్నీ నాకు నోటికి వచ్చేశాయి, ఎందుకంటే వీటి ఫైళ్లన్నిటికీ స్పైరల్ బైండింగ్ నా దగ్గరే.

అసలు కార్యక్రమం ఎలా జరుగుతుందో కూడా నాకు అక్కడే అర్థమైంది. ముందు రోజు సాయంత్రం ఒక సార్ ఫోన్ చేస్తారు. 'రేపు ఓజోన్ డే, నాలుగు బై మూడు ఫ్లెక్సీ కావాలి, అర్జెంటు.' ఫ్లెక్సీలో పైన కాలేజీ పేరు, రెండు పక్కలా రెండు లోగోలు, కింద ప్రిన్సిపాల్ గారి పేరు, కన్వీనర్ గారి పేరు. ఓజోన్ గురించి ఒక్క ముక్క ఉండదు. మర్నాడు అప్పటికి ఏ క్లాసు ఖాళీగా ఉంటే ఆ క్లాసు పిల్లల్ని సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. ముందు వరసలో ఎవరో ఇద్దరు ఆ ఫ్లెక్సీని చెరోవైపు పట్టుకుంటారు. అటెండర్ ఫోన్‌లో జీపీఎస్ మ్యాప్ కెమెరా ఆన్ చేసి నాలుగు ఫొటోలు తీస్తాడు. ఒకటి వేదిక, ఒకటి ప్రేక్షకులు, ఒకటి మాట్లాడుతున్న సార్, ఒకటి అందరూ కలిసి. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి, లేకపోతే కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు ఒప్పుకోరట. ఫొటో అయ్యాక పిల్లలు లేవబోతారు. ఎవరూ వద్దనరు. సాయంత్రం ఆ ఫొటోలు నా కంప్యూటర్‌కు వస్తాయి. 'ఈ కార్యక్రమంలో విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్న వాక్యం నా దగ్గర సేవ్ చేసి పెట్టే ఉంది, తేదీ ఒక్కటి మారిస్తే చాలు.

ఇది ఎగతాళి కాదు సార్. న్యాక్ అయిదో ప్రమాణం విద్యార్థులకు అందే తోడ్పాటు, వాళ్ల పురోగతి గురించే. అందులో విద్యార్థుల భాగస్వామ్యం, కార్యకలాపాలు అని ఒక భాగం ప్రత్యేకంగా ఉంది. ఉద్దేశం మంచిదే. కాకపోతే చూడటానికి వచ్చేవాళ్లకు ఫొటో దొరుకుతుంది కానీ, ఆ ఫొటోల్లో మూడేళ్లూ అవే ఎనిమిది మొహాలున్నాయని చెప్పేవాళ్లు దొరకరు. ఆ ఎనిమిది మందీ ఎవరంటే టౌన్ పిల్లలు. బండి ఉన్నవాళ్లు, ఇల్లు పక్కనే ఉన్నవాళ్లు. యాంకరింగ్ వాళ్లదే, వందన సమర్పణ వాళ్లదే, జిల్లాస్థాయి పోటీలకు వెళ్లేది వాళ్లే. వాళ్ల తప్పేం లేదు. సాయంత్రం ఉండగలిగింది వాళ్లే కాబట్టి సార్ల కళ్లకు వాళ్లే కనబడ్డారు. ఒక్కో సర్టిఫికెట్‌కూ ఇంకొకటి తోడవుతుంది. మూడో సంవత్సరానికి ఒకరి ఫైలు మందంగా, పక్కవాడిది మెమోలు తప్ప ఏమీ లేకుండా ఉంటుంది. ఆ రెండో ఫైలు వాడు ఇంటర్వ్యూకు పోతూ నా దగ్గర రెజ్యూమె టైపు చేయించుకుంటాడు. 'ఎక్స్‌ట్రా కరిక్యులర్ దగ్గర ఏం రాయాలన్నా?' అని అడుగుతాడు. క్యాటరింగ్‌లో అయిదొందల మందికి పంక్తి నడిపించినవాడు వాడు. అది అక్కడ రాయకూడదని వాడి నమ్మకం.

ఈ మధ్య నా క్లాస్‌మేట్ ఒకాయన కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. వాళ్లమ్మాయి అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదువుతోందట. మొదట చెప్పడానికి మొహమాటపడ్డాడు, అక్కడి మన వాళ్లలో కూడా అదేదో తక్కువన్న భావం ఉన్నట్టుంది. నాకు మాత్రం ఆ కాలేజీ గురించి వింటుంటే మా కాలేజీయే గుర్తొచ్చింది. చాలావాటికి హాస్టళ్లు ఉండవు. పిల్లలు ఇంటి నుంచి వచ్చిపోతారు. చాలామంది పగలో రాత్రో ఎక్కడో పని చేస్తూ చదువుతారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు చాలామందే ఉంటారు. కొందరు రెండేళ్లు అక్కడ చదివి యూనివర్సిటీకి మారతారు. ఇలాంటివి కాలిఫోర్నియా ఒక్క రాష్ట్రంలోనే 116 ఉన్నాయి. ఈ తరహా ప్రభుత్వ కాలేజీల్లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో పాతది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఉందట. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది.

వచ్చిపోయే పిల్లలకు కాలేజీ జీవితం ఎలా ఇవ్వాలన్న ప్రశ్న మనకంటే ముందు వాళ్లకు ఎదురైంది. సాయంత్రం పెడితే ఎవరూ ఉండరని వాళ్లకూ తెలుసు. అందుకని చాలా కాలేజీల్లో వారంలో కొంతసేపు మధ్యాహ్నం పూట క్లాసులు తగ్గించి ఖాళీ ఉంచుతారు. కొన్నిచోట్ల కాలేజ్ అవర్ అంటారు, కొన్నిచోట్ల క్లబ్ అవర్స్ అంటారు. న్యూయార్క్‌లోని బరో ఆఫ్ మన్‌హాటన్ కమ్యూనిటీ కాలేజీలో దీనికి బుధవారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. ఆ టైములో నర్సింగ్ చదివేవాడు, అకౌంట్స్ చదివేవాడు, ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చిన వలస కుటుంబం అమ్మాయి, అందరూ ఒకేసారి ఖాళీగా ఉంటారు. కొద్దిమంది విద్యార్థులు కలిసి, ఒక అధ్యాపకుణ్ణి సలహాదారుగా ఒప్పించుకుంటే కొత్త క్లబ్ పెట్టుకోవచ్చు. చదరంగమైనా సరే, మొక్కల పెంపకమైనా సరే. క్లబ్బులకు డబ్బులు ఎలా పంచాలో తేల్చడంలో విద్యార్థి సంఘానిదే పెద్ద మాట. ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. కాలిఫోర్నియాలో ఆ కాలేజీలను నడిపే జిల్లా బోర్డుల్లో విద్యార్థులు ఎన్నుకున్న ఒక విద్యార్థి సభ్యుడు కూడా కూర్చుంటాడు. చట్టంలోనే ఉంది.

అమెరికాలో ఉంది కాబట్టి మనమూ పెట్టుకుందామని నేననడం లేదు. వాళ్ల ఫీజులు వేరు, వాళ్ల కార్లు వేరు. పైగా మన దగ్గర ఆ ఉపాయం ఇప్పటికే ఉంది. ఏడాదికి ఒక్క రోజు మాత్రమే వాడుతున్నాం, అంతే. బతుకమ్మ రోజు.

దసరా సెలవులకు ముందు కాలేజీలో బతుకమ్మ పెట్టే రోజు మా రోడ్డు మీద నిలబడి చూడండి. పొద్దున్నే బస్సులు దిగే ఆడపిల్లల చేతుల్లో పుస్తకాల బదులు తంగేడు పూల మూటలు, గునుగు కట్టలు. మామూలు రోజుల్లో టౌన్ అమ్మాయిలదే పైచేయి కదా, ఆ రోజు లెక్క తిరగబడుతుంది. గునుగు టౌన్‌లో దొరకదు. చేల గట్ల మీద, బీళ్లలో కోసుకు రావాలి. అది ఎక్కడ దొరుకుతుందో, ఎంత పొడుగు కాడతో కోయాలో, రంగు నీళ్లలో ఎంతసేపు ముంచితే పువ్వు చెదరకుండా రంగు పడుతుందో ఊరి పిల్లలకే తెలుసు. మామూలప్పుడు చివరి బెంచీలో నోరు విప్పని పిల్ల, ఆ రోజు తాంబాళం ముందు కూర్చుని 'అట్ల కాదే, వరస వంకర పోతుంది' అని బీఎస్సీ టాపర్‌కు చెబుతుంది. ఎవరు ఏ వరస పేర్చాలి, పాట ఎవరు ఎత్తుకోవాలి, నిమజ్జనానికి చెరువుదాకా ఎవరు మోయాలి, అన్నీ వాళ్లే చూసుకుంటారు. మేడమ్‌లు కూడా వచ్చి చప్పట్లలో కలుస్తారు. మధ్యాహ్నం మూడున్నరకల్లా అయిపోతుంది. నాలుగున్నర బస్సుకు అందరూ ఉంటారు. ఆ రోజు ఎవరినీ బతిమాలి కూర్చోబెట్టాల్సిన పని లేదు, ముఖ్య అతిథి లేడు, సరిగ్గా చూస్తే ఫ్లెక్సీ కూడా అక్కర్లేదు (అయినా ఒకటి వేయిస్తారు, అది వేరే విషయం).

అదెందుకు నడిచిందో చూడండి. కాలేజీ టైములో పెట్టారు. ఏం చేయాలో పిల్లలకు వదిలేశారు. వాళ్లకు వచ్చిన పనికి విలువ దొరికింది. ఈ మూడూ కలిస్తే వాలీబాల్ అయినా నడుస్తుంది, డిబేట్ అయినా నడుస్తుంది. సరిహద్దు అవతల ఆంధ్రాలో డిగ్రీ మొదటి సంవత్సరం తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలు పెట్టారు, దానికి క్రెడిట్లు కూడా ఇస్తున్నారు. అవతలి ఊళ్ల పిల్లలు లాగ్‌బుక్కులు బైండింగ్‌కు నా దగ్గరికీ తెస్తుంటారు. కొన్ని ఒకరిది చూసి ఒకరు రాసినవని పేజీ తిప్పగానే తెలుస్తుంది. కొన్ని మాత్రం చదవబుద్ధేస్తుంది. ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఎవరి ఇంటికి ముందు నీళ్లొస్తాయో వీధి వీధికీ రాసుకొచ్చిన ఒకమ్మాయి పుస్తకం చూసి, బైండింగ్ ఆపి పది నిమిషాలు చదివాను. చదువులో భాగమని లెక్కగట్టి టైమిస్తే పిల్లలు ఏం చేయగలరో దాంట్లో కనబడింది.

'సిలబస్ ఎక్కడ అవుతుంది?' అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, పరీక్షలు పోను చెప్పడానికి మిగిలే రోజులు తక్కువ. కానీ ఇప్పుడు కూడా ఆ దినోత్సవం, ఈ దినోత్సవం అని అప్పటికప్పుడు క్లాసులు రద్దు చేసి హాలుకు తోలుతూనే ఉన్నారు కదా. పొద్దున రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు ఆ రోజు క్లాసూ పోతుంది, కార్యక్రమమూ దక్కదు. అవన్నీ కలిపి బుధవారం మధ్యాహ్నానికి సర్దితే క్లాసులు పెరుగుతాయే గానీ తగ్గవు.

ఇంకో చిక్కుంది, దాని గురించి బయటివాళ్లు మాట్లాడరు. మీ దగ్గర పాఠాలు చెప్పేవాళ్లలో గెస్ట్ లెక్చరర్లు ఎంతమంది? వాళ్లకు చెప్పిన పీరియడ్లను బట్టే డబ్బులు. క్లబ్ చూసుకోమంటే ఆ గంట లెక్కలోకి రాదు. పిల్లలకు వయసులో దగ్గరగా ఉండేదీ, వాట్సాప్‌లో అడగగానే జవాబిచ్చేదీ వాళ్లే, అయినా వాళ్లనే ఈ పనికి దూరంగా ఉంచాల్సి వస్తోంది. విద్యాభవన్‌లో ఈ ఉత్తరం ఎవరైనా చదివితే ఒక్క చిన్న ఉత్తర్వు ఇవ్వండి: కార్యక్రమాల పీరియడ్ కూడా పీరియడే, గెస్ట్ ఫ్యాకల్టీకి అది కూడా కట్టాలి. మిగతాదంతా ప్రిన్సిపాళ్లు తమ స్థాయిలో చేసుకోగలరు. ఇది మాత్రం పైనుంచే రావాలి.

ఇక పిల్లల మాట ఎవరు వింటారన్నది. మన దగ్గర కాలేజీ ఎన్నికలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. అప్పటి గొడవలు, కత్తులు, కేసులు తెలిసినవాళ్లు మళ్లీ వద్దంటే నేను వాళ్లతో వాదన పెట్టుకోను. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ 2006లో దీనికి పద్ధతి చెప్పింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలి, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చువేసిన పోస్టర్లు వాడకూడదు, చేత్తో రాసినవే వాడాలి. నా వ్యాపారానికి దెబ్బే అయినా, నాకు బాగా నచ్చిన నిబంధన అది. ఎన్నికలు పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చాలి. అంతదాకా ఎందుకు ఆగాలి? ఇప్పుడు సీఆర్, అంటే క్లాసు ప్రతినిధి, ఎవరు? క్లాసులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లనో, సార్‌కు తెలిసినవాళ్లనో ఒకర్ని లేపి 'నువ్వే' అంటారు. సీఆర్ పని డస్టర్ తేవడం, అసైన్‌మెంట్లు పోగేయడం. పద్దెనిమిది నిండగానే ఓటు కోసం ఫారం 6 నింపించుకోవడానికి వీళ్లే నా దగ్గరికి వస్తారు. ఎమ్మెల్యేను ఎన్నుకునే పిల్లలకు వాలీబాల్ టీముకు కెప్టెన్‌ను ఎన్నుకునే పని కూడా ఇవ్వొచ్చు. ప్రతి క్లబ్‌కూ చేతులెత్తి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఎన్నుకోనివ్వండి. ఒక షరతు పెట్టండి: ఇద్దరిలో ఒకరైనా బస్సులో వచ్చేవాళ్లై ఉండాలి.

డబ్బుల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అడ్మిషన్ రోజు కట్టే ప్రత్యేక రుసుముల్లో ఆటలకు, పత్రికకు అని విడిగా తీసుకునే కాలేజీలున్నాయి. ఏడాదికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది ఒక ఏ4 కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ఎవరినో పట్టుకోవడానికి కాదు. మా కాలేజీలో వాలీబాల్ నెట్ మధ్యలో చినిగితే పిల్లలు సుతిలి తాడుతో ముడేసి ఆడుతున్నారు. ఇటు నుంచి కొట్టిన బంతి ముడి తగిలి కింద పడితే పాయింట్ ఎవరిదని రోజూ గొడవ. ఆ నెట్ ఖరీదు ఎంతో, ఆటల పద్దులో ఎంత ఉందో వాళ్లకు తెలిస్తే, ఎవరిని ఎలా అడగాలో కూడా నేర్చుకుంటారు. ఆటలు చూసుకునే పీడీ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీల్లోనైతే సామాన్ల గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఒక సెమిస్టర్ పడుతోంది. ఆ తాళం బుధవారం మధ్యాహ్నం పూట ఎన్నికైన పిల్లల చేతికివ్వండి. బంతి పోతే పోతుంది.

ఆడపిల్లల ఆటల గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. గ్రౌండ్ ఉన్నా అది మగపిల్లలదే అన్నట్టు నడుస్తోంది. పదో తరగతి దాకా గురుకులంలో కబడ్డీ, ఖోఖో ఆడి వచ్చిన అమ్మాయిలు డిగ్రీలో చేరాక ఒక్కసారి కూడా గ్రౌండ్‌లో దిగడం లేదు. చున్నీ పిన్నులు పెట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. అడిగితే 'బట్టలు మార్చుకోవడానికి గది లేదన్నా' అంటారు. క్లబ్బు, కమిటీ, సాధికారత విభాగం, ఇన్ని ఉన్నచోట గడియ ఉన్న ఒక గది, నీళ్లొచ్చే ఒక బాత్రూం ముందు చూడండి. వారంలో ఆ రెండు పీరియడ్లలో ఒక పీరియడ్ గ్రౌండ్ వాళ్లకే అని రాసిపెట్టండి. రాసిపెట్టకపోతే జరగదు.

క్యాలెండర్ కూడా కాస్త మార్చుకోవాలి. మా జిల్లాలో మిర్చి కోతలు మొదలు కాకముందే, అంటే దసరా తర్వాత డిసెంబర్ లోపు, కాలేజీ డే, గేమ్స్ అవగొట్టండి. ఆదిలాబాద్‌లో పత్తి ఏరే రోజులు వేరు, నిజామాబాద్‌లో పసుపు తవ్వే రోజులు వేరు. హైదరాబాద్‌లో తయారైన ఒకే పట్టిక అందరికీ సరిపోదు. ఎక్కడి పంటను బట్టి అక్కడ తేదీలు వేసుకునే స్వేచ్ఛ ప్రిన్సిపాళ్లకు ఉండాలి. యువతరంగం పోటీలకు కాలేజీ నుంచి ఎవరు వెళ్లాలో తేల్చే ఎంపికలు కూడా ఆ బుధవారం పీరియడ్లలోనే పెడితే, ఎన్నడూ పేరివ్వనివాళ్లు పేరిస్తారు. పాడేవాళ్లు లేక కాదు, పొలం పాటలు పాడేవాళ్లు నా షాపు ముందు బస్సు కోసం ఆగినప్పుడు కూనిరాగాలు తీస్తూనే ఉంటారు.

అన్నిటికన్నా చవకగా, రేపే మొదలుపెట్టగలిగేది గోడపత్రిక. మా కాలేజీ వరండాలో మెట్ల పక్కన అద్దాల చెక్క పెట్టె ఒకటుంది. నేను చదివేటప్పుడు నెలకోసారి మారేది. కవితలు, కార్టూన్లు, క్యాంటీన్ టీ మీద ఫిర్యాదులు, తెలుగు మేడమ్ ఎర్ర సిరాతో దిద్దిన తప్పులతో సహా అందులో పెట్టేవారు. ఇప్పుడు అందులో ఎప్పటిదో ముగ్గుల పోటీ నోటీసు ఉంది. ఎండకు అక్షరాలు తెల్లబడ్డాయి, అద్దం లోపల సాలెగూడు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఆఫీసువాళ్లు లైబ్రరీ అంటారు, లైబ్రరీవాళ్లు తెలుగు డిపార్ట్‌మెంట్ అంటారు. తాళం పగలగొట్టండి సార్. రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. రికార్డులు ప్రింట్ తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ ఇచ్చినప్పుడు, పక్క ఫైల్లో కవితలుంటే వద్దన్నా కంటబడతాయి. మిర్చి ఘాటుకు చేతులు మండుతుంటే పరీక్ష రాసిన రోజు గురించి ఒకమ్మాయి రాసింది. ఇన్‌స్టాలో పెడితే ఊళ్లోవాళ్లు ఏమంటారోనని దాచుకుంది. కాలేజీ గోడ మీద అయితే పెట్టొచ్చేమో అంది.

ఆ గోడపత్రికకు నెలనెలా ప్రింట్లు నేను ఉచితంగా వేసిస్తాను. బ్లాక్ అండ్ వైట్ మాత్రమే. కలర్ కావాలంటే సిరా ఖర్చు మీరు పెట్టుకోవాలి, అది మాత్రం నా వల్ల కాదు. టైంటేబుల్‌లో బుధవారం రెండు పీరియడ్లు ఖాళీ చేసిన కొత్త కాపీ ఏ కాలేజీ వాళ్లు తెచ్చినా, అన్ని క్లాసులకూ అంటించడానికి సరిపడా జిరాక్సులు కూడా ఉచితమే. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ఇంకా ఖరారు కాలేదని విన్నాను, కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. షాపు పొద్దున తొమ్మిదింటి నుంచి తెరిచే ఉంటుంది.

ఇట్లు,
మీ కాలేజీ పూర్వ విద్యార్థి,
ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు